మీకు తెలుసా? నైట్రేటు లేకున్నను పగడమునకు కీడే

ఇంట గాజుతొట్టిలో పగడములను పెంచువారు నైట్రేటును పరమశత్రువుగా నెంచుట కద్దు. కాని అది బొత్తిగా లేకపోయినచో, పగడపు కణజాలములో నివసించుచు, వెలుతురు సాయమున దానికి ఆహారము వండిపెట్టు సూక్ష్మశైవలములు నత్రజని కఱవై కృశించి, పగడము వెలవెలబోవును. మీనములు విసర్జించు అమ్మోనియాను బాక్టీరియా మొదట నైట్రైటుగను, పిమ్మట నైట్రేటుగను మార్చును. ప్రాణవాయువు చొరని రాతిరంధ్రములలో వేఱొక తెగ బాక్టీరియా దానిని నత్రజని వాయువుగా మార్చి గాలిలోనికి సాగనంపును. ఈ తుది కార్యము నైట్రేటు పుట్టు వేగమును అందుకొనలేనప్పుడే అది పేరుకొనును. లీటరునకు 20 మిల్లీగ్రాములున్న తొట్టిలో నాలుగవవంతు తీసి, నైట్రేటు లేని క్రొత్తనీరు పోసినను 15 మిగులును గదా! కావున అమ్మోనియాకు మూలమైన మేతను తగ్గించుటయే, చేపలు ఎంత దీనముగా చూచినను, తొలి చికిత్స.