నొప్పి కాలిదే... తప్పు పెడల్‌ది!

డిసెంబరు మొదట్లో మా ఓపీకి పందొమ్మిదేళ్ల కుర్రాడొకడు కుంటుకుంటూ వచ్చాడు. కుడి మోకాలి కింద, ముందెముక వెంబడి నొప్పి. వాపు లేదు, దెబ్బ తగల్లేదు. వారానికి మాత్రలు రాసి విశ్రాంతి తీసుకోమన్నాను. వారం తిరక్కుండానే మళ్లీ వచ్చాడు. ఎక్స్‌రే తీయిస్తే అందులో ఏమీ లేదు. మళ్లీ మాత్రలే. మూడోసారి వాళ్లమ్మ వెంట వచ్చింది. ‘‘సారూ, రాత్రిళ్లు కాలు పట్టుకొని కూసుంటుండు. మా ఊళ్లె ఆర్‌ఎంపీ తోని రెండు సూదులు గూడ ఏయించిన’’ అంది.

ఒక్క కుడికాలే ఎందుకు నొస్తోంది? ఈ ప్రశ్న మొదటి రోజే అడగాల్సింది. ఓపీలో రద్దీ అని సాకు చెప్పుకోవచ్చు గానీ, తప్పు నాదే. ‘‘ఈ కాలుతోని ఏం పని చేస్తవు బాబూ?’’ అంటే, ‘‘డ్రమ్స్ కొడ్త సార్, మా చర్చిల. క్రిస్మస్ గదా, రోజూ రాత్రి ప్రాక్టీసు’’ అన్నాడు. ఫోన్‌లో వీడియో కూడా చూపించాడు.

మన డప్పు, డోలు, డోలక్, తబలా... అన్నీ చేతి వాద్యాలే. వాటిని వాయించేవాళ్లు భుజం నొప్పితోనో మణికట్టు నొప్పితోనో వస్తారు. డ్రమ్ కిట్ అలా కాదు. అందులో అన్నిటికన్నా పెద్ద డ్రమ్మును కాలికి అప్పగించారు. కాలికీ డ్రమ్ముకీ మధ్య ఓ యంత్రం ఉంటుంది. అదే పెడల్. స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పుడు చర్చిల్లోనూ, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లోనూ డ్రమ్ కిట్ బాగానే కనిపిస్తోంది. నేర్చుకునే పిల్లలు చేతుల గురించి ఫోన్లో ఎన్నో పాఠాలు చూస్తారు. పెడల్‌ను మాత్రం ఎవరో బిగించినట్టే వదిలేస్తారు.

నాకు సంగీతం రాదు. కానీ వీడియో చూశాక ఆగలేక, ఓ సాయంత్రం డ్యూటీ అయ్యాక వెళ్లి ఆ కిట్ దగ్గర కూర్చున్నాను. పెడల్‌ను పది నిమిషాలు తొక్కేసరికి నా కాలు కూడా లాగడం మొదలైంది.

అక్కడ చూసినవి

కూర్చునేది స్టూలు కాదు, ప్లాస్టిక్ కుర్చీ. తుంటి కన్నా మోకాలు పైకి ఉంది. కింద నున్నటి టైల్స్. తొక్కిన ప్రతిసారీ పెడల్ వెంట్రుకవాసి ముందుకు జరుగుతోంది. పాట పూర్తయ్యేసరికి దాన్ని అందుకోవడానికి కాలు చాపాల్సి వస్తోంది. పెడల్ స్ప్రింగ్ పూర్తిగా వదులైపోయింది. అన్నిటికన్నా ముఖ్యంగా, కుర్రాడు వాయించేది ఉత్త కాళ్లతో. చర్చిలోకి చెప్పులు వేసుకెళ్లరు కదా!

ఈ చివరి సంగతి విదేశీ వీడియోల్లో దొరకదు. అక్కడ ఎక్కువమంది బూట్లతోనే వాయిస్తారు. బూటు మడమ కాలిని కాస్త ఎత్తి పెడుతుంది, బూటు బరువు కూడా పెడల్ మీద పని చేస్తుంది. ఉత్త కాలికి ఆ రెండూ లేవు. వాళ్లు చెప్పిన బిగింపునే మనం పెట్టుకుంటే, లోటంతా కండరాలే పూడ్చాలి. పైగా ఇనుప పలక మీది గాళ్లు, ఉబ్బెత్తు అక్షరాలు అరికాలికి ఒరుసుకుంటాయి. మా కుర్రాడి బొటనవేలి కింద కాయ కాసింది.

కాలు ఎలా పని చేస్తుందంటే...

పెడల్ తొక్కే పద్ధతులు ముఖ్యంగా రెండు. మడమను పలకకు ఆనించి కేవలం పాదంతో తొక్కడం ఒకటి. ఇందులో తొక్కేది పిక్క కండరం, పాదాన్ని మళ్లీ పైకి లేపేది ముందెముక పక్కనుండే టిబియాలిస్ కండరం. మడమను గాల్లో ఉంచి మొత్తం కాలి బరువుతో తొక్కడం రెండోది. ఇందులో తుంటి, తొడ కండరాలు కూడా సాయం చేస్తాయి. చప్పుడు పెద్దగా రావాలంటే ఇదే తేలిక.

తొక్కాక బీటర్‌ను వెనక్కి తెచ్చేది స్ప్రింగ్. అది మరీ వదులైతే బీటర్ ఆలస్యంగా వస్తుంది. మడమ ఆనించేవాళ్లు తెలియకుండానే పాదాన్ని గట్టిగా పైకి లాగడం మొదలుపెడతారు. ఆ లాగుడంతా టిబియాలిస్ మీదే. మా కుర్రాడికి జరిగింది ఇదే. స్ప్రింగ్ మరీ బిగుతైతే ప్రతి దెబ్బకూ ఎక్కువ బలం పెట్టాలి. అప్పుడు పిక్క పట్టేస్తుంది, మడమ వెనకుండే అకిలిస్ స్నాయువు నొస్తుంది. మడమ ఎత్తి వాయించేవాళ్లకు స్ప్రింగ్ కాస్త బిగుతుగానే ఉండాలి. ఆగి ఉన్నప్పుడు కాలి బరువును అదే మోయాలి కదా. ఆనించి వాయించేవాళ్లకు కొంచెం వదులు నప్పుతుంది.

పెడల్‌ను మనిషికి తగ్గట్టు చేసుకోవడం కొత్త ముచ్చటేం కాదు. 1909లో అమెరికాలోని షికాగోలో విలియం లుడ్విగ్ అనే డ్రమ్మర్, అప్పటి పెడళ్లు తాను వాయించే పాటల వేగాన్ని అందుకోలేకపోవడంతో సొంతంగా ఒకటి తయారు చేసుకున్నాడు. ఆ తర్వాత అదే ఆయన వ్యాపారమైంది.

సర్దుకునే తీరు

ముందు కుర్చీ, తర్వాతే పెడల్. కూర్చున్నప్పుడు తుంటి మోకాలి కన్నా కాస్త ఎత్తులో ఉండాలి. చేతుల్లేని, ఎత్తు మార్చుకోగల స్టూలు మంచిది. అది లేకపోతే గట్టి చెక్క స్టూలు మీద మడత పెట్టిన దుప్పటి వేసుకున్నా చాలు. నడుము నొప్పి ఉన్నవాళ్లు దీన్ని అసలు అశ్రద్ధ చేయొద్దు.

కిట్ మొత్తం కింద గరుకు కార్పెట్ పరవాలి. స్టూలు కూడా ఆ కార్పెట్ మీదే ఉండాలి, అప్పుడు మన బరువుకు అది కదలదు. పెడల్‌ను డ్రమ్ము అంచుకు బిగించే క్లాంపు వంకర లేకుండా, పెడల్ అడుగు నేలకు సమంగా ఆనేలా చూసుకోండి. పెడల్ మన పాదం సహజంగా చూసే దిక్కుకే ఉండాలి. దానికోసం మోకాలిని లోపలికి తిప్పాల్సి వస్తోందంటే, డ్రమ్మునే కాస్త తిప్పుకోవాలి.

ఇక స్ప్రింగ్. నట్టును సగం చుట్టు తిప్పి, పది నిమిషాలు వాయించి చూడండి. తర్వాత ఇంకో సగం. ఒకేసారి రెండు మూడు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. మేం మందుల విషయంలో పాటించేదీ ఇదే పద్ధతి!

బీటర్ వెనక్కి వాలే కోణం సుమారు 45 డిగ్రీల దగ్గర మొదలుపెట్టొచ్చు. ఎక్కువ వాలిస్తే చప్పుడు పెరుగుతుంది, శ్రమా పెరుగుతుంది. కొన్ని పెడళ్లలో బీటర్ వాలు మారిస్తే పాదం పెట్టే పలక ఎత్తు కూడా మారిపోతుంది. రెంటినీ విడివిడిగా మార్చుకోగలిగే పెడల్ దొరికితే ఉత్త కాళ్లతో వాయించేవాళ్లకు అది వరం. పలక మరీ నిటారుగా ఉంటే చీలమండ రోజంతా వంగే ఉంటుంది. ఇంకో మాట, దెబ్బ కొట్టాక బీటర్‌ను డ్రమ్ముకే అదిమి ఉంచే అలవాటు కొందరికి ఉంటుంది. ఆ శబ్దం కావాలనుకుని చేస్తే సరే. తెలియకుండా చేస్తుంటే మాత్రం పిక్కకు విశ్రాంతి ఉండదు.

కొనేటప్పుడు

హన్మకొండలో కొన్నా హైదరాబాద్‌లో కొన్నా, దుకాణంలో చెప్పులు విప్పి తొక్కి చూడండి. దుకాణదారు నవ్వితే నవ్వనివ్వండి. పాదం మొత్తం పలక మీద పట్టాలి. చైనుతో పనిచేసేవి, బెల్టుతో పనిచేసేవి, నేరుగా లోహపు కడ్డీతో పనిచేసేవి ఉంటాయి. చైనువి కాస్త బరువుగా, బెల్టువి మెత్తగా, కడ్డీవి వెంటనే స్పందించేలా అనిపిస్తాయి. ఏది గొప్పదని కాదు, మీ కాలికి ఏది తేలికగా ఉందన్నదే లెక్క. చైను రెండు వరుసలుంటే బలం వస్తుందని కొందరు నమ్ముతారు. దానివల్ల వచ్చేది గట్టిదనమే. వేగం కోసం రెండు కాళ్ల పెడల్ కొనాలనుకునే పిల్లలు ముందు ఒక కాలి నొప్పి తగ్గించుకుని కొనండి.

నిర్లక్ష్యం చేయకూడనివి

ఈ నొప్పుల్లో చాలావరకు రెండు మూడు వారాల విశ్రాంతి, పెడల్ సవరణతోనే తగ్గుతాయి. గుడ్డలో చుట్టిన ఐసు పది, పదిహేను నిమిషాలు పెట్టొచ్చు. వాయించే ముందు ఐదు నిమిషాలు నడిచి, నెమ్మది పాటలతో మొదలుపెట్టాలి. డైక్లోఫినాక్ లాంటి సూదులు వేయించుకుని అదే రాత్రి మళ్లీ వాయించడం మాత్రం ప్రమాదం. నొప్పి తెలియదు గానీ గాయం పెరుగుతూనే ఉంటుంది. ఆ మందులు ఎక్కువైతే కడుపులో పుండ్లు, కిడ్నీలకు హాని.

ఎముక మీద వేలితో నొక్కితే ఒక్కచోటే భరించలేనంత నొప్పి ఉంటే అది ఎముకలో సన్నటి చీలిక కావచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు. వాయిస్తుంటే కాలు రాయిలా బిగుసుకుని, బొటనవేలికీ పక్క వేలికీ మధ్య తిమ్మిరెక్కి, ఆపగానే తగ్గుతుంటే పెడల్ సర్దుకుని ఊరుకోవద్దు, డాక్టర్‌కు చూపించాలి. ఆపినా తగ్గకపోయినా, పాదం పైకి లేవకపోయినా వెంటనే రావాలి. ఒక్క పిక్కే వాచి వేడిగా ఉన్నా, మడమ వెనక పటుక్కుమన్నా అదే రోజు ఆసుపత్రికి రండి. షుగరున్నవాళ్లు ఉత్త కాళ్లతో వాయించకుండా కనీసం మందపాటి సాక్సు వేసుకోవాలి. ఇంటికెళ్లాక అరికాలు చూసుకోవాలి. స్పర్శ తగ్గిన పాదానికి కాయ ఎప్పుడు పుండైందో తెలియదు.

చెవుల సంగతి మరోసారి రాస్తాను, అది చిన్న విషయం కాదు.

మా కుర్రాడు ఆ క్రిస్మస్‌కు రెండు పాటలే వాయించాడు, మిగతావి వాళ్ల తమ్ముడు. తమ్ముడు వీడి కన్నా జానెడు పొట్టి. అందుకని స్ప్రింగ్ కడ్డీ మీద, స్టూలు కాడ మీద మార్కర్‌తో గుర్తులు పెట్టుకున్నారు. అన్నకు ఎరుపు, తమ్ముడికి నీలం. ఫిబ్రవరిలో వాళ్లమ్మ తన బీపీ మాత్రల కోసం వచ్చినప్పుడు అడిగాను. ‘‘మంచిగనే కొడ్తుండు సారూ, ఇంట్ల గూడ బల్ల మీద కొడ్తనే ఉంటడు, మాకే తలకాయ నొప్పి’’ అంది.