గీతలుగా మారు అక్షరములు

చిత్రములు లేకయే, కేవలము అక్షరములతో పని జరుపు కంప్యూటరు ప్రోగ్రాములు నేటికిని కలవు. వానియందును పట్టికల చుట్టు చక్కని గీతలు కనబడును. నిజమునకు అవియు అక్షరములే.

1978లో అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వీటీ-100 అను టెర్మినలును వెలువరించెను. టెర్మినలనగా కంప్యూటరునకు తీగతో కలుపబడిన తెరయు, మీటల పలకయు. దాని తెరపై వరుసకు 80 అక్షరముల చొప్పున 24 వరుసలు పట్టెడివి. గీతలకై దానియం దొక యుక్తి యుండెను. కంప్యూటరు ముందుగా ఒక సంకేతమును పంపును; అంతట టెర్మినలు మరియొక అక్షరమాలకు మారును. ఆపై 'క్యూ' అను చిన్న ఆంగ్లాక్షరము వచ్చినచో అడ్డగీతయు, 'ఎక్స్' వచ్చినచో నిలువుగీతయు తెరపై పడును. పట్టిక ముగిసిన పిదప వేరొక సంకేతముతో మామూలు అక్షరమాలకు మరలవలెను. ఈ మరలు సంకేతము తప్పిపోయెనా, తరువాతి చిన్న అక్షరములన్నియు గీతలును గురుతులునై, చదువ వీలులేని తెర మిగులును.

1981లో వచ్చిన ఐబీఎం పర్సనల్ కంప్యూటరు వేరు దారి త్రొక్కెను. అందు అడ్డగీతకు 196 అను సంఖ్యయే గురుతు. నేటి యూటీఎఫ్-8 పద్ధతిలో అదే గీతకు మూడు బైట్లు కావలయును. కంటికి ఒకే గీత. పంపబడునది మాత్రము మూడు విధములు!

పరీక్షించువారికి చిక్కు ఇచ్చటనే. వారు సరియైన ఫలితమును ముందే భద్రపరచుకొని, ప్రోగ్రాము వెలువరించిన దానితో పోల్చుదురు. యునిక్స్ వంటి వ్యవస్థలలో ప్రోగ్రాము 'టెర్మ్' అను పేరుగల విలువను చూచి టెర్మినలు జాతిని తెలిసికొని, తగిన సంకేతములను పంపును. ఆ విలువ ఒక యంత్రముపై వీటీ-100 అనియు, మరియొకదానిపై ఎక్స్‌టెర్మ్ అనియు ఉన్నచో బైట్లు మారును. దోషము లేకున్నను పరీక్ష తప్పినట్లు తేలును. 'నాన్నా పులి' కథలోని కేకలవలె ఇట్టివి పలుమార్లు విన్నవారు, నిజమైన దోషము వచ్చినప్పుడును లక్ష్యపెట్టరు.

కావున టెర్మినలు జాతిని, అక్షరముల పద్ధతిని, తెర కొలతను ముందే స్థిరపరుతురు. అంతకంటె మేలైన మార్గ మొకటి కలదు. వెలువడిన బైట్లను టెర్మినలువలె గ్రహించు మరియొక ప్రోగ్రామున కందించి, తుదకు ఏ గడిలో ఏ గురుతు నిలిచెనో సరిచూతురు. కొందరు కూడికగుర్తు, సాదా గీట్లతోడనే పెట్టెలు గీయింతురు. అవి అందముగా నుండవు గాని, ఎచ్చటను చెడవు. అయితే వానితో మాత్రమే పరీక్షించినచో మరలు సంకేతము మరచిన దోషము ఎన్నడును బయటపడదు. అందుచే వీటీ-100 పేరుతోను ఒకమారు నడిపి చూడవలెను.