డిస్కు పోయిందా? కేబులు పోయిందా?



2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలడమే కాదు, మనవాళ్లు కొందరి సర్టిఫికెట్లు కూడా తడిసి ముద్దయ్యాయి. ఆ తర్వాత మేము పూర్వ విద్యార్థులం కొందరం, మిగిలినవి స్కాన్ చేసి ఒక పాత లైనక్స్ కంప్యూటర్లో దాచాం. సాఫ్ట్‌వేర్ రెయిడ్ పెట్టాం. అంటే ప్రతి కాగితమూ రెండు హార్డ్ డిస్కుల్లోనూ ఉంటుంది. ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుంది.

ఒక వానాకాలం చూస్తే, రెండు 'యు'లు కనిపించాల్సిన చోట ఒక 'యు', ఒక గీత! రెండో డిస్కును జతలోంచి తీసేసింది. ఎందుకో తెలియదు. టెక్కలిలో అడిగితే "కొత్తది కొనేయండి బాబూ" అన్నారు.

మేము తొందరపడలేదు. ముందు మంచి డిస్కులోంచి అన్నీ వేరే డిస్కుకు కాపీ చేశాం. ఇది మరవకండి. మళ్లీ జత కలిపేటప్పుడు మంచి డిస్కును మొదటి నుంచి చివరిదాకా చదవాలి; దానికీ జబ్బుంటే అప్పుడే బయటపడుతుంది.

తర్వాత డిస్కు తన గురించి తానే రాసుకునే 'స్మార్ట్' లెక్కలు తీశాం. 5వ నంబరు, అంటే చెడిపోతే మార్చిన సెక్టార్లు: సున్నా. 197, చదవలేక అనుమానంలో పెట్టినవి: సున్నా. 199 మాత్రం వందల్లో ఉంది! అది డిస్కుకూ బోర్డుకూ మధ్య దారిలో సమాచారం చెడిన లెక్క. కేబులు పీకి చూస్తే కొస వదులై నల్లబడి ఉంది. ఉప్పుగాలికి కిటికీ ఊచలే నిలవవు, ఇదెంత!

కొత్త కేబులు వేసి డిస్కును చేర్చాం. 199 లెక్క తగ్గదు, పెరగకపోతే చాలు. పెరగలేదు.

అయితే పొరపాటున ఏదైనా చెరిపితే రెండింటిలోనూ చెరిగిపోతుంది. అందుకే ఆ మూడో కాపీ ఇప్పుడు పలాసలో ఒక మిత్రుడి బీరువాలో ఉంది.