రక్తంలో ఉందా, చుట్టలో ఉందా?

కాన్సరు పేరు చెబితే మన పల్లెల్లో వెంటనే వినిపించే మాటలు రెండు. ఒకటి తలరాత, రెండోది వంశం. తలరాత అనే మాటకు జవాబు చెప్పడం కొంత తేలిక. వంశం అనే మాటే చిక్కు. ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది.

సంఘం పనిమీద శ్రీకాకుళం జిల్లా తీరపు ఊళ్ళలో తిరిగేటప్పుడు మేము తరచు వినే మాట ఇది: “మాయమ్మకీ అంగిట్లో పుండు లేచింది, దాని తల్లికీ అంతే. మా ఇంటి రగతంలోనే ఉన్నాది బాబూ, నానేటి సేయగలను?” ఆ మాట అనే మనిషి నోట్లో చుట్ట ఉంటుంది. నిప్పు కొస లోపలికి, చల్లని కొస బయటికి. ఇలా పెదాలు మూసి పొగ పీల్చడానికి అక్కడి పేరు అడ్డపొగ. మగవాళ్ళకంటే ఆడకూలీల్లోనే ఈ అలవాటు ఎక్కువ.

రక్తంలో ఉందన్న మాట అంతటితో ఆగదు. తల్లి నోటి పుండుతో పోయిందని తెలిస్తే కూతురికి కుదిరిన సంబంధం తప్పిపోతుంది. “వాళ్ళింట్లో ఆ జబ్బు ఉందట” అని ఎవరో ఒకరు పెళ్ళివారి చెవిన వేస్తే చాలు. అందుచేత పుండు లేచిన మనిషి ఇంట్లో పిల్లల పెళ్ళిళ్ళు అయ్యేదాకా దాన్ని దాచిపెడుతుంది. దాచినకొద్దీ అది పైదవడ ఎముకలోకి పోతుంది. తొలినాళ్ళలో చిన్న కోతతో పోయేది, ఆఖర్న విశాఖపట్నం పెద్దాసుపత్రికి మోసుకుపోయినా లొంగదు. కాబట్టి రక్తమా, చుట్టా అన్నది తీరికగా కూర్చుని మాట్లాడుకునే విషయం కాదు.

ఈ ప్రశ్నకు మన జిల్లానుంచే జవాబు దొరికి యాభై ఏళ్ళు దాటింది. డెన్మార్కు పరిశోధకుడు పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా మౌలిక పరిశోధనా సంస్థకు చెందిన మెహతా, వారి సహచరులు కలిసి శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మంది పల్లెజనం నోళ్ళు పరీక్షించారు. ఆ ఫలితాలు 1971లో అచ్చయ్యాయి. (అప్పటికి విజయనగరం జిల్లా ఇంకా ఏర్పడలేదు, అది 1979లో వచ్చింది.) నోటి కాన్సరు మామూలుగా బుగ్గ లోపల, నాలుక అంచున వస్తుంది. గట్టి అంగిట్లో రావడం మిగతాచోట్ల అరుదు. అడ్డపొగ పీల్చేవారిలో మాత్రం సరిగ్గా అక్కడే వస్తుంది. నిప్పు తగిలేదీ, పొగ కొట్టేదీ అక్కడే గదా!

ఇంకో సంగతి చూడండి. అడ్డపొగ మన సొత్తు కాదు. ఫిలిప్పీన్స్‌లో ఉంది, దక్షిణ అమెరికాలో కొలంబియాలో ఉంది, ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలోనూ ఉండేది. ఆ జనానికీ మన పాతపట్నం, సోంపేట జనానికీ ఏ చుట్టరికమూ లేదు. అయినా అడ్డపొగ ఉన్నచోట అంగిలి దెబ్బ తింటున్నది. అంతదూరం ఎందుకు, మన ఇంట్లోనే కోడలి సంగతి చూడండి. మేనరికం కాకపోతే ఆమె వేరే ఊరి పిల్ల, వేరే రక్తం. అత్త పక్కన కూర్చుని చుట్ట తిప్పి పెట్టుకోవడం నేర్చుకుంటుంది. ఆమెకూ పుండు లేస్తే ఏ వంశాన్ని అనాలి? తల్లినుంచి కూతురికి, అత్తనుంచి కోడలికి దిగుతున్నది అలవాటు.

అలవాటైతే మార్చుకోవచ్చు గదా అన్న ప్రశ్నకు కూడా జవాబు ఉంది. శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్, ఈ మూడు జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవారిని తీసుకుని, వాళ్ళకు మానమని నచ్చజెబుతూ, నోరు పరీక్షిస్తూ వచ్చారు. ఐదేళ్ళకు తేలిన ఫలితాలు 1986లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. మానినవాళ్ళు పెరిగారు, కాన్సరుకు ముందుగా వచ్చే మచ్చలు కొత్తగా పుట్టడం తగ్గింది. వాళ్ళ రక్తమేమీ మారలేదు.

అయితే చుట్ట మానమని తిట్టినంతమాత్రాన మానరు. నాట్లలో పొద్దస్తమానం నడుం వంచి, తడిలో, గాలిలో పనిచేసే మనిషికి అది ఆకలి చంపే సాధనం, కాసేపు ఊపిరి తీసుకోడానికి దొరికే ఒకే ఒక్క సాకు. నిప్పు లోపల ఉంటే గాలికి ఆరిపోదనీ, చుట్ట ఎక్కువసేపు వస్తుందనీ చెబుతారు. వేళకింత అంబలి, మధ్యాహ్నం ఒక గంట విశ్రాంతి ఇవ్వని రైతులు కూలీలకు పొగాకు మానమని సుద్దులు చెప్పడం మేము విన్నాం. దానికి విలువ ఎంతో వాళ్ళకే తెలియాలి.

ఇక వంశం మాటలో ఉన్న నిజం. అదే 1971లో అమెరికాలో నడ్సన్ అనే డాక్టరు పసిపిల్లల కంటి కాన్సరును పరిశీలించి ఒక లెక్క తేల్చాడు. మన భాషలో చెప్పాలంటే అది జోడెడ్ల లెక్క. శరీరంలో ప్రతి కణం అదుపు తప్పకుండా కాసే జన్యువులు ఉంటాయి. అవి జంటలుగా, తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి వస్తాయి. ఒక ఎద్దు కూలినా రెండోది ఎలాగో లాగుతుంది. రెండూ కూలితే కణం కట్టు తెంచుకుంటుంది. చాలామందికి ఆ రెండు దెబ్బలూ బతుకులోనే తగలాలి. అందుకు ఏళ్ళు పడుతుంది, పొగాకులాంటివి ఆ పని తొందర చేస్తాయి. కొద్దిమంది పుట్టుకతోనే ఒక ఎద్దు కూలిన జోడుతో వస్తారు. వాళ్ళకు ఒక్క దెబ్బ చాలు, కాబట్టి చిన్నవయసులోనే వస్తుంది. (పసిబిడ్డ కంటిపాప పిల్లికన్నులా తెల్లగా మెరిస్తే దిష్టి తీస్తూ కూర్చోవద్దు, వెంటనే కంటాసుపత్రికి తీసుకుపోవాలి.)

మొత్తం కాన్సర్లలో ఇలా పుట్టుకతో దిగేవి నూటికి అయిదునుంచి పది. రొమ్ము కాన్సరుకు సంబంధించిన బి.ఆర్.సి.ఎ. జన్యువులు రెంటినీ 1994, 1995లలో కనుక్కున్నారు. వాటిలో లోపం ఉన్న ఆడవాళ్ళు పదిమందిలో ఆరేడుగురికి 80 ఏళ్ళలోపు రొమ్ము కాన్సరు వచ్చే అవకాశం ఉంది. అండాశయ కాన్సరు ముప్పు కూడా ఎక్కువే. ఆ లోపం బిడ్డకు దిగడం, దిగకపోవడం సగం సగం. తండ్రినుంచీ దిగుతుంది. ఈ మాట ఒత్తి చెబుతున్నాం, ఎందుకంటే మన ఊళ్ళలో తల్లిని మాత్రమే నిందిస్తారు. నాన్న అక్కచెల్లెళ్ళకు, నాయనమ్మకు వచ్చిందా అని అడిగేవాడు లేడు.

ఏ ఇంట్లో అనుమానించాలి? యాభై ఏళ్ళలోపే రొమ్ము కాన్సరు వచ్చినచోట, రెండు రొమ్ములకూ వచ్చినచోట, ఒకే వైపు బంధువుల్లో ఇద్దరు ముగ్గురికి రొమ్ము, అండాశయ కాన్సర్లు కలిసి కనిపించినచోట, మగవాడికి రొమ్ము కాన్సరు వచ్చినచోట. అలాంటి ఇంటివాళ్ళు ఆ వివరమంతా డాక్టరుకు చెప్పాలి. లోపం ఉందని తేలితే అది శిక్ష పడినట్టు కాదు. పరీక్షలు ముందునుంచే, తరచుగా చేయించుకోవలసిన మనిషి అని అర్థం. డెబ్బై ఏళ్ళ ముసలమ్మకు అంగిట్లో పుండు లేస్తే మనవరాలి పెళ్ళి ఆపడానికి ఇందులో ఏ ఆధారమూ లేదు.

వంశంలా కనిపించి వంశం కానివి మరికొన్ని ఉన్నాయి. కాలేయ కాన్సరు చూడండి. హెపటైటిస్ బి వైరస్ కాన్పు సమయంలో తల్లినుంచి బిడ్డకు అంటుతుంది. పుట్టగానే వేసే టీకా దాన్ని ఆపుతుంది. దానికి తోడు బూజు పట్టిన వేరుశనగలో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుంది. ఆ రెండూ కలిసిన మనిషికి ముప్పు ఎన్నోరెట్లు పెరుగుతుంది. వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. మంచికాయ మార్కెట్ యార్డుకు పోయి, బూజుకాయ ఇంటి గంపలో మిగిలే రాయలసీమ పల్లెల్లో ఒకే ఇంట్లో ఇద్దరికి కాలేయం చెడితే శాపం అనే అంటారు. గర్భాశయ ముఖద్వారపు కాన్సరు కూడా వంశానిది కాదు, నడతకు ముద్ర అంతకన్నా కాదు. అది ఎంతో మందికి తెలియకుండానే సోకే వైరస్ వల్ల వచ్చేది. దానికీ టీకా ఉంది.

పురుగుమందుల సంగతి అడుగుతారు. లియాన్ నగరంలోని అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థ 2015లో లిండేన్‌ను కాన్సరు కారకమని తేల్చింది. మలాథియాన్, గ్లైఫోసేట్‌లను “బహుశా కారకాలు” అన్నది. ఆ వర్గీకరణ సాక్ష్యం ఎంత గట్టిదో చెబుతుంది గాని, ఎంతమందికి వస్తుందో చెప్పదు. చేతికి తొడుగు లేకుండా మందు కలపమనే యజమానిని నిలదీయడానికి ఆ సాక్ష్యం చాలు. కాని మందు మీద కోపంలో చుట్టను మరిచిపోతే నష్టపోయేది కూలీలే.

ముప్ఫై ఏళ్ళు దాటినవారికి నోరు, ఆడవాళ్ళకు రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షించాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఉపకేంద్రం తెరిచే వేళకు మన ఆడవాళ్ళు పొలంలో ఉంటారు. పరీక్షకు వెళితే ఆ పూట కూలి పోతుంది. అంగిలి చూడడానికి ఒక టార్చిలైటు, శుభ్రమైన ఒక చిన్న అద్దం, అయిదు నిమిషాల కాలం చాలు. తెల్లబారిన చర్మం, దానిమీద ఎర్రచుక్కలు, మానని పుండు ఉన్నాయా అని చూడాలి. నొప్పి ఉండదు కాబట్టి మనిషి తనంతట తాను రాదు. అందుకే జిల్లా వైద్యాధికారికి ఇచ్చే అర్జీలో మేము మొదట రాసేది ఇది: నాట్ల రోజుల్లో నర్సమ్మ ఉదయం ఆరింటికే కూలీలు గుమిగూడే చోటికి టార్చితో రావాలి, లేదా పరీక్షకు వచ్చిన మనిషికి ఆ పూట కూలి కట్టివ్వాలి.