ఎత్తైన కార్యాలయ భవనాలలో అగ్ని పహరా

పల్లెలో గడ్డివాము అంటుకుంటే ఆ పొగ పొరుగూరికి సైతం కనిపిస్తుంది. కేక వినగానే ఊరంతా బిందెలతో పరుగెత్తుతుంది. నగరంలోని పన్నెండంతస్తుల కార్యాలయ భవనంలో పరిస్థితి వేరు. అక్కడ నిప్పు ఫాల్స్ సీలింగ్ పైన, విద్యుత్ తీగలు సాగే డక్టులో, తాళం వేసిన యూపీఎస్ గదిలో పుట్టవచ్చును. నాలుగవ అంతస్తులో పొగ కమ్ముకున్న సంగతి తొమ్మిదవ అంతస్తులోని వారికి తెలియదు. అందుచేత ఇటువంటి భవనాలలో నిప్పును కనిపెట్టే పని, కేక వేసే పని, తొలి నీరు చల్లే పని యంత్రాలకు అప్పగించబడ్డాయి. డిటెక్టరు పొగను పసిగడుతుంది, అలారం మోగుతుంది, స్ప్రింక్లరు నీరు చిమ్ముతుంది.

ఈ యంత్రాలు మరమ్మతు కోసమో, లోపం వల్లనో ఆగిపోయినప్పుడు వాటి స్థానంలో శిక్షణ పొందిన మనుషులను నియమించి భవనమంతటా తిప్పుతారు. దీనినే అగ్ని పహరా లేక ఫైర్ వాచ్ అంటారు. బెంగళూరు కార్యాలయాలలో ఉద్యోగులుగా, సెక్యూరిటీ గార్డులుగా, హౌస్‌కీపింగ్ సిబ్బందిగా పనిచేస్తున్న తెలుగువారందరూ ఈ ఏర్పాటును గురించి తెలుసుకొనుట అవసరం. పహరా కాసేవారూ, ఆ పహరాను నమ్ముకొని లోపల పనిచేసేవారూ వీరిలోనే ఉన్నారు.

రెండు నగరాలు నేర్పిన పాఠం

2010 ఫిబ్రవరి 23న బెంగళూరు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని కార్ల్‌టన్ టవర్స్ అనే కార్యాలయ భవనంలో అగ్నిప్రమాదం జరిగి 9 మంది మరణించారు. పొగ పై అంతస్తులకు వ్యాపించగా, దారి కానరాక కొందరు కిటికీల నుండి దూకారు. 2023 మార్చి 16న సికింద్రాబాదులోని స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు యువతీయువకులు పొగలో ఊపిరాడక ప్రాణాలు కోల్పోయారు. వారు బ్రతుకుతెరువు కోసం తెలంగాణ జిల్లాల నుండి నగరానికి వచ్చినవారు.

ఇటువంటి భవనాలలో మంట కంటె ముందుగా మనుషులను చేరేది పొగ. మెట్లదారి, లిఫ్టు మార్గం, విద్యుత్ డక్టు దానికి పొగగొట్టాల వలె ఉపయోగపడతాయి. కాబట్టి మొదటి కొద్ది నిమిషాలలో హెచ్చరిక అందడమే ప్రాణాలను కాపాడుతుంది. అలారం పనిచేయని భవనంలో ఆ నిమిషాలు పహరాదారు చేతిలో ఉంటాయి.

పహరా ఎప్పుడు అవసరం

జాతీయ భవన నియమావళి 2016 ప్రకారం 15 మీటర్లు, అంతకు మించిన ఎత్తు గల కట్టడం ఎత్తైన భవనం. ఇటువంటి భవనంలో రక్షణ వ్యవస్థ ఆగిపోవడానికి కారణాలు సాధారణమైనవే. నీటి పైపు కారుతున్నదని స్ప్రింక్లరు వాల్వు మూసివేస్తారు. కొత్త కంపెనీ అంతస్తును అద్దెకు తీసుకొని ఇంటీరియర్ పనులు చేయించునప్పుడు, దుమ్ము పడకుండా డిటెక్టర్లకు తొడుగులు వేసి, తీయడం మరచిపోతారు. అలారం ఊరకనే మోగుతున్నదని ప్యానెలును నిలిపివేస్తారు.

అమెరికాలోని జాతీయ అగ్ని రక్షణ సంఘం ప్రమాణాలను పలు దేశాలలోని భవన నిర్వాహకులు అనుసరిస్తారు. వాటి ప్రకారం 24 గంటల వ్యవధిలో అలారం 4 గంటలకు మించి, లేదా స్ప్రింక్లరు వ్యవస్థ 10 గంటలకు మించి పనిచేయని పక్షంలో ఆ భాగాన్ని ఖాళీ చేయించాలి, లేదా ఆమోదించిన పహరా పెట్టాలి. వెల్డింగ్, గ్యాస్ కటింగ్ వంటి పనులకు ప్రత్యేక పహరా ఉంటుంది. నిప్పురవ్వలు పడే చోటికి చుట్టూ 11 మీటర్ల లోపల అంటుకునే వస్తువులు ఉంటే, పని సాగినంతసేపూ, పని ముగిసిన పిమ్మట ఒక గంట వరకూ కాపలా ఉండాలి. అట్టపెట్టెలో పడిన రవ్వ పనివారు వెళ్ళిపోయిన తరువాత రాజుకోవచ్చును.

ఎంతమంది కావాలి

అన్ని భవనాలకు ఒకే సంఖ్య చెల్లదు. లెక్క మాత్రం సులభం. పన్నెండంతస్తుల భవనంలో ఒక్కొక్క అంతస్తును గదిగదికీ చూచుటకు 5 నిమిషాలు పడుతుందనుకుందాం. ఒక మనిషి మొత్తం భవనాన్ని చుట్టుటకు గంట పడుతుంది. ప్రతి అంతస్తునూ అరగంటకొకసారి చూడాలంటే ఇద్దరు ఆగకుండా నడవాలి. ఎనిమిది గంటలు ఎవరూ అలా నడవలేరు కనుక వంతు మార్చుకొనుటకు మూడవవాడు కావాలి. కబురు అందుకొని గంట మోగించుటకు, అగ్నిమాపక శాఖకు ఫోను చేయుటకు కంట్రోలు గదిలో ఇంకొకరు కదలకుండా ఉండాలి. షిఫ్టుకు నలుగురు చొప్పున మూడు షిఫ్టులకు 12 మంది. వారానికొక సెలవు కూడా లెక్కిస్తే 14 మంది.

గేటు వద్ద ఉన్న గార్డుకే "అప్పుడప్పుడు పైకి వెళ్ళి చూచి రా" అని చెప్పడం పహరా కాదు. సందర్శకుల రిజిస్టరు, పార్కింగు, కొరియరు పొట్లాలు చూచుకొనే వ్యక్తికి పహరా బాధ్యత అప్పగిస్తే ఆ రెండు పనులలో ఒకటి జరగదు. పహరాదారుకు ఆ షిఫ్టులో మరే పనీ ఉండరాదు. పగలు పనిచేసిన వానినే రాత్రి కూడా నిలబెట్టడం తగదు. నిద్ర ముంచుకొచ్చే కళ్ళు పొగను చూడలేవు. తగినంత మంది దొరకని రోజున ఆ అంతస్తులను మూసివేసి ఉద్యోగులను ఇంటి నుండి పనిచేయమనడం మేలు.

పహరాదారు ఏమి చేయాలి

పహరాదారు మంటలార్పే సైనికుడు కాడు. అతని మొదటి విధి చూడటం, రెండవది చెప్పడం. చేతిలో టార్చి, వాకీటాకీ, గదుల తాళపు చేతులు, భవన పటం ఉండాలి. సర్వరు గది, ప్యాంట్రీ, విద్యుత్ ప్యానెలు గది, బేస్‌మెంటు, జెనరేటరు గది మొదలైన చోట్ల కాలిన వాసన, అసాధారణమైన వేడి ఉన్నాయేమో గమనించాలి.

మెట్ల తలుపులను ప్రతి చుట్టులోనూ తెరచి చూడాలి. అవి మూసి ఉండాలి గాని తాళం వేసి ఉండరాదు. మూసిన తలుపు పొగను ఆపుతుంది. తాళం వేసిన తలుపు మనిషిని ఆపుతుంది. పూలకుండీ అడ్డుపెట్టి తలుపు తెరచి ఉంచడం, మెట్లపై పాత కుర్చీలు పేర్చడం రెండూ ప్రమాదకరమే.

పొగ కనబడగానే కంట్రోలు గదికి కబురు చేసి, కేక వేసి, మనుషులను లిఫ్టు వైపు గాక మెట్ల వైపు మళ్ళించాలి. బెంగళూరులో ఒకే అంతస్తులో నాలుగు భాషలవారుంటారు. కావున "మంటలు" అన్న మాటతో పాటు కన్నడంలో "బెంకి", హిందీలో "ఆగ్", తమిళంలో "తీ" అనే మాటలు నోటికి వచ్చి ఉండాలి. మంట చిన్నదై, తప్పుకొనే దారి వెనుక ఉన్నప్పుడు మాత్రమే సిలిండరు వాడాలి. విద్యుత్ మంటలపై నీరు చల్లరాదు. దానికి కార్బన్ డయాక్సైడ్ సిలిండరు తగినది.

రిజిస్టరులో సంతకం

పహరా చుట్టు ముగిసిన ప్రతిసారీ సమయం, అంతస్తు, గమనించిన సంగతి వ్రాసి సంతకం చేయాలి. రాత్రి పన్నెండింటికే తెల్లవారుజాము వరకు గల గడులన్నీ నింపే అలవాటు కొన్ని చోట్ల ఉన్నది. ప్రమాదం జరిగినప్పుడు విచారణలో మొదట తెరిచేది ఆ పుస్తకమే. తిరగని చుట్టుకు సంతకం చేసిన గార్డు, ఇతరుల నిర్లక్ష్యానికి కూడా తానే జవాబు చెప్పవలసి వస్తుంది. శిక్షణ ఇవ్వకుండా పహరాకు పంపినా, రెండు పనులు అప్పగించినా ఆ మాటను అదే రిజిస్టరులో వ్రాసి, పర్యవేక్షకునికి చూపించి సంతకం తీసుకొనుట మంచిది. పహరా ఏర్పాటు, దాని ఖర్చు భవన యజమాని లేక నిర్వాహకుని బాధ్యత. దానిని గార్డు భుజంపై మోపరాదు.

ఉద్యోగులు అడుగదగిన ప్రశ్నలు

• ఈ రోజు అలారం, స్ప్రింక్లర్లు పనిచేస్తున్నవా? లేకున్న, ఎప్పటికి సిద్ధమవుతాయి?
• ఆ సంగతి అగ్నిమాపక శాఖకు తెలిపారా?
• పహరాదారులు ఎవరు? వారికి వేరే పని ఉన్నదా?
• అలారం లేని సమయంలో హెచ్చరిక ఏ విధంగా అందుతుంది?
• రెండు మెట్లదారులూ నేడు తెరిచి ఉన్నవా?

ఈ ప్రశ్నలు అడగడం తగవు కాదు. నిర్వాహకులు వీటికి వెంటనే సమాధానం చెప్పగలిగితే పహరా నిజంగా ఉన్నట్టు. పొగ గాని మంట గాని కనబడినప్పుడు ఎవరి అనుమతికీ ఎదురుచూడక 101 లేక 112 నంబరుకు ఫోను చేసి భవనం పేరు, వీధి, అంతస్తు చెప్పాలి.