ఊపిరితిత్తుల బీపీ: మందుకు ముందు కారణం

జనగామలోనో మహబూబాబాద్‌లోనో ఆయాసంతో వెళ్లినవాళ్లకు ఎకో తీస్తే, కొందరి రిపోర్టులో చివర ‘మోడరేట్ పీఏహెచ్’ అని ఉంటుంది. గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళంలో ఒత్తిడి పెరిగిందని దానర్థం. చేతికి పట్టీ చుట్టి చూసే బీపీ మామూలుగా ఉన్నా ఇది ఎక్కువ ఉండొచ్చు. సగటున 20 మి.మీ. దాటితే జబ్బు కిందే లెక్క. ఎకో చెప్పేది అంచనా; సన్నని గొట్టాన్ని కుడి గుండెలోకి పంపి కొలిస్తేనే ఖాయమవుతుంది.

మందుల్లో అందరికీ తెలిసింది సిల్డెనాఫిల్. మొదట గుండెనొప్పి కోసం పరీక్షించిన ఈ మందు 1998లో వయాగ్రాగా మార్కెట్‌కొచ్చింది. 2005లో అమెరికా దీన్ని ఈ జబ్బుకూ అనుమతించింది. నాళం గోడను వదులుచేసే రసాయనం త్వరగా విరిగిపోకుండా ఇది కాపాడుతుంది. సాధారణంగా 20 మి.గ్రా. చొప్పున రోజుకు మూడుసార్లు వాడతారు. టడలాఫిల్ అయితే ఒక్కసారి చాలు. బోసెంటాన్, ఆంబ్రిసెంటాన్, మాసిటెంటాన్ నాళాన్ని బిగించే ఎండోథెలిన్‌కు అడ్డుపడతాయి. బోసెంటాన్ వాడేవాళ్లు నెలనెలా లివర్ పరీక్ష చేయించుకోవాలి. ఈ మూడూ కడుపులో బిడ్డకు హాని చేస్తాయి, గర్భిణులు వాడకూడదు. 2024లో అమెరికా అనుమతి పొందిన సొటాటర్‌సెప్ట్ ఇంజెక్షన్ నాళం గోడ మందమయ్యే ప్రక్రియ మీదే పనిచేస్తుంది.

అయితే ఇవన్నీ ముఖ్యంగా ఆ నాళానికే జబ్బు చేసినవాళ్ల కోసం. చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి మైట్రల్ కవాటం ఇరుకైనవాళ్లలో రక్తం వెనక్కి నిలిచి ఒత్తిడి పెరుగుతుంది. అక్కడ సరిచేయాల్సింది కవాటాన్ని, బెలూన్‌తోనో ఆపరేషన్‌తోనో. సిల్డెనాఫిల్ ఇస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదముంది. భూపాలపల్లి బొగ్గు గనుల దుమ్ము, బీడీ, కట్టెల పొయ్యి పొగ ఊపిరితిత్తులను దెబ్బతీసినచోట ఆక్సిజన్, ఇన్‌హేలర్లు, పొగ మానడమే ముందు. రక్తపు గడ్డలు నాళంలో ఉండిపోయి అడ్డుపడితే రక్తం పలచబరిచే మందు జీవితాంతం వాడాలి, వీలైతే ఆపరేషన్ చేసి గడ్డలు తీస్తారు. కుదరనివాళ్లకు రియోసిగువాట్ ఉంది. దాన్ని సిల్డెనాఫిల్‌తో కలపకూడదు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లా కేంద్రాల్లోనూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. మహబూబాబాద్‌లో 2022లో, మిగతా రెండు చోట్ల 2023లో మొదలయ్యాయి. రిపోర్టు పట్టుకుని వెళ్లి ‘ఒత్తిడి ఎందుకు పెరిగింది?’ అని అడగండి. మందుల షాపులో చెప్పారని సిల్డెనాఫిల్ మొదలుపెట్టొద్దు, డాక్టరు రాసిందాన్ని హఠాత్తుగా ఆపొద్దు. గుండెనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకునేవాళ్లు సిల్డెనాఫిల్ జోలికే పోవద్దు. రెండూ కలిస్తే బీపీ ప్రాణాపాయం తెచ్చేంతగా పడిపోతుంది.