కొల్లేటి దోనెపై యుద్ధపు ఏరియల్ పీఠము

తాడేపల్లిగూడెమున రెండవ ప్రపంచ యుద్ధకాలమునాటి విమానపు బాట యున్నదని మీలో పలువు రెరుగుదురు. ఆ యూరి పాత యినుపసామాను కొట్టులో నాకొక వస్తువు కంటబడినది. క్రింద నొక పళ్లెము, దానిపై పింగాణి, పింగాణిపై బొటనవ్రేలంత లావు చుట్లుగల స్ప్రింగు. "బాబుగారూ, ఇది ఏ బోరుపంపుదో!" అని కొట్టువాడు తూకమునకే యిచ్చినాడు. అది పంపుది కాదు. సేనల బండ్లపై రేడియో ఏరియల్ కడ్డీని నిలబెట్టెడి పీఠము.

స్ప్రింగు అలంకారమునకు గాదు. బండి చెట్లక్రింద దూసికొనిపోవునపుడు కడ్డీ కొమ్మకు తగిలి వంగి, దాటినవెంటనే మరల నిటారుగా నిలువవలెను. కొల్లేటిలో దోనెపై రేడియో నిలుపదలచిన నాకు కావలసిన గుణ మిదియే. వరదనాళ్లలో పెదఎడ్లగాడి వంతెనక్రింద నీరు పైకి వచ్చి, పడవకును కప్పునకును నడుమ నెడము తగ్గిపోవును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడను ముంచినది. ఆ నీటికి త్రోవ కొల్లేరే. విద్యుత్తు పోయి సెల్‌ఫోను స్తంభములు మూగవోయినచో లంకగ్రామమునుండి మాట బయటికి వచ్చుటకు అమెచ్యూరు రేడియో యొక మార్గము. అయితే దీనికి ప్రభుత్వపు పరీక్షలో నెగ్గి అనుజ్ఞాపత్రము పొందవలెను. నేను పొందితిని.

మొదట మరమ్మతు. మర తుప్పుపట్టి కదలలేదు. తొందరపడి మంట చూపితిని. టప్పున పింగాణి బీటవారినది. లోహము వేడికి వ్యాకోచించినంతగా పింగాణి వ్యాకోచింపదు గదా! చదివిన వాడనయ్యు నామాట మరచితిని. మరల కొట్టుకు బోయి రెండవ పీఠము తెచ్చి, దానిని మూడు దినములు కిరసనాయిలులో నానవైచి, మెల్లగా నటునిటు కదిలించి విప్పితిని.

పింగాణిని కంటితో చూచి మంచిదనుట చాలదు. సన్నని బీటలో చెమ్మ చేరినచో అధిక పౌనఃపున్యపు విద్యుత్తు దానిగుండ పళ్లెములోనికి జారిపోవును. మల్టీమీటరు కొద్ది వోల్టులతో కొలుచును గనుక ఆ లోపము నది పట్టజాలదు. 500 వోల్టుల మెగ్గరుతో, అదియును తడిబట్టతో తుడిచిన పిమ్మట మరియొకసారి, పరీక్షింపవలెను.

స్ప్రింగులోపల రాగితీగల అల్లిక యొకటి కొసనుండి కొసకు పోవుచుండును. నాకు దొరికినదానిలో నది చివికి తెగినది. చాలమంది దీనిని లెక్కచేయరు. స్ప్రింగు కూడ లోహమే గదా యందురు. కాని స్ప్రింగనగా తీగచుట్ట. అది స్వయముగా ఇండక్టెన్సు. పైగా వంగినప్పుడెల్ల దాని విలువ మారుచు, తుప్పుచోట గరగర పుట్టించును. క్రొత్త అల్లికను రెండు కొసల బిగించి, స్ప్రింగు చాగుటకు చాలినంత వదులుంచితిని.

ఇక మార్పు. యుద్ధకాలమున నమెరికా టాంకులలో వాడిన ఎస్.సి.ఆర్. 508 రేడియో 20 మొదలు 27.9 మెగాహెర్ట్జ్ వరకు పలికెడిది. అమెచ్యూర్ల 28 మెగాహెర్ట్జ్ పట్టీ దానికి ప్రక్కింటిదే! కావున ఆ పట్టీనే యెంచుకొంటిని. 75ను మెగాహెర్ట్జులతో భాగించి, అందులో నూటికి 95 పాళ్లు గైకొన్నచో పావు తరంగపు పొడవు మీటర్లలో వచ్చును. 28.5కు అది సుమారు 2.5 మీటర్లు. ముందు కొంచె మెక్కువగానే కోసి, కొలుచుచు తగ్గింపవలెను. పీఠపు అడుగు బొడిపెకు కోయాక్సియల్ తీగ నడిమి రాగిని, పళ్లెమునకు పైయల్లికను, రెంటిని పొట్టిగా, అతికితిని.

దోనెకు బిగించి మీట నొక్కగా మైకు పెదవికి చురుక్కున తగిలినది. మీటరు చూపిన స్టాండింగ్ వేవ్ నిష్పత్తి మూడు దాటినది! కారణము వెదకుచు నొక పూట గడిపితిని. టాంకునకు దాని యుక్కు శరీరమే రెండవ సగము ఏరియల్. నా తాటిదోనెకు లోహ మేది? అప్పుడు దోనె అంచుల వెంబడి ముందునకు వెనుకకు 2.5 మీటర్ల తీగల రెంటిని నీటికి తగులకుండ పరచి, పళ్లెమునకు కలిపితిని. నిష్పత్తి 1.4కు దిగినది. పావు తరంగపు కడ్డీ మొదట సుమారు 36 ఓములుండును, తీగ 50. రెంటి నిష్పత్తియు సరిగా నంతియే.

మరియొక హెచ్చరిక. కొల్లేటి గట్టులమీద విద్యుత్తు తీగలు పలుచోట్ల వ్రేలాడుచుండును. కడ్డీ వంగునను ధైర్యముతో వాటిక్రిందికి పోరాదు. అటువంటిచోట కడ్డీని విప్పి దోనెలో పరుండబెట్టుదును.

ఉప్పుటేరు వైపు నీటిలో ఉప్పుండును గావున, ఇంటికి వచ్చినపిమ్మట మంచినీటితో పీఠము కడిగి, ఆరబెట్టి, మరలకు గ్రీజు పూయుదును. ఇత్తడిమర, ఇనుపమర యొకదానినొకటి తాకుచోట తుప్పు త్వరగా పట్టును. అక్కడ మాత్రము గ్రీజు రెండింతలు.